మందూ మాకూ

మా నాన్న గుంటూరు వెళ్ళొచ్చిన రోజు ఇంట్లో ఒక తంతు జరిగేది. ఆయన సంచి దించీ దించకముందే అమ్మ ఎదురెళ్ళి, "ఏది ఏ మందో చెప్పి మరీ ఇవ్వండి" అనేది. ఆ సంచిలో మిరపచేలో తామరపురుగుకి కొట్టే మందు ఉండేది. మొక్క ఏపుగా రావడానికి నీళ్ళలో కలిపి చల్లే మందు ఉండేది. నాయనమ్మ కీళ్ళవాతానికి డాక్టరు రాసిన పసుపురంగు బిళ్ళలూ ఉండేవి. మొదటి రెండింటినీ పశువుల కొట్టంలో చూరుకి వేలాడే బుట్టలో పెట్టించి, చేతులు కడుక్కుని, మూడోదాన్ని అమ్మ దేవుడి గూడు పక్కనున్న డబ్బాలో దాచేది. ఒకే పేరున్న మూడు వస్తువులు ఒకదాని చోట ఒకటి పడకుండా చూసుకోవడం ఆవిడకి పెద్ద పని. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మా వైపు ఫలానా ఆయన మందు తాగాడని కబురొస్తే, చెప్పేవాడి మొహం చూస్తే గాని అది సారా సంగతో చావు సంగతో తెలిసేది కాదు.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. ప్రాజెక్టు కింద మాకిచ్చిన పని, కొన్ని కొత్త సేంద్రియ సమ్మేళనాలు తయారుచేసి వాటికి యాంటీఆక్సిడెంట్ గుణం, క్యాన్సర్ కణాలను అడ్డుకునే గుణం ఉన్నాయేమో చూడటం. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు నాన్న అడిగాడు, "ఏందిరా అక్కడ చేసేది?" అని. నేను గొప్పగా "క్యాన్సర్‌కి మందు కనిపెడుతున్నాం నాన్నా" అన్నాను.

"ఎవరికన్నా ఇచ్చారా?"

"మనుషులకి కాదు. గాజుపళ్ళెంలో క్యాన్సర్ కణాలు పెంచి వాటి మీద వేసి చూస్తారు. సగానికి సగం చచ్చినాయి."

"మంచి కణాల మీద వేశారా?"

"ఇంకా లేదు."

"పురుగుతో పాటు మొక్క కూడా మాడిపోతే దాన్ని మందంటామా? ముందు అది చూడండి."

ఆయన చదివింది ఐదో తరగతి. కానీ ముప్పై ఏళ్ళు వీపున స్ప్రేయరు మోసిన మనిషి. ఆ రోజు ఆయనన్న మాట నన్ను వదల్లేదు. ప్రయోగశాలలో మేమంతా "కాంపౌండ్" అనేదాన్ని ఊళ్ళో నేను "మందు" అన్నాను. ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో ఆయనకి తెలిసినంతగా నాకప్పుడు తెలియదు. అప్పట్నుంచీ ఈ మాట ఎక్కడ కనిపించినా ఆగి చూడటం అలవాటైంది.

మందు అచ్చ తెలుగు మాట. తమిళంలో దీన్ని మరుందు అంటారు, మలయాళంలో మరున్ను. పాత కన్నడంలో మర్దు, ఇప్పటి కన్నడంలో మద్దు. తుళులో మర్దు. వీటన్నిటినీ పక్కపక్కన పెడితే చూడముచ్చటగా ఉంటుంది. మూలంలో రకారం ఉంది, దాని వెనక నకారం ఉంది. తమిళం రెండూ నిలుపుకుంది. కన్నడం రకారాన్ని కొంతకాలం ఉంచుకుని నకారాన్ని వదిలేసింది. మనం రకారాన్ని వదిలేసి నకారాన్ని ఉంచుకున్నాం. ఇది మందుకి మాత్రమే జరిగిన పని కాదు. తమిళంలో విరుందు అంటే అతిథికి పెట్టే భోజనం. అది మన దగ్గర విందు అయింది. మరుందు మందైన తోవలోనే విరుందు విందైంది. విందూ మందూ కలిపి మూడు రోజులే అని తమిళుల సామెత ఒకటుంది. చుట్టరికమైనా చికిత్సైనా హద్దు దాటితే చెడుతుందని దాని భావం. ప్రాస కుదిరిందని చేసిన సామెతలా కనబడుతుంది గాని, మోతాదు మీద అంత సూటిగా చెప్పిన మాట నాకు మరొకటి తగల్లేదు.

ఇక ఈ మాట చేసే పనులు చూడండి. నాటుమందు, పసరుమందు రోగం కుదర్చడానికి. ఎలుకలమందు, పురుగుమందు చంపడానికి. మందుగుండు పేల్చడానికి. కన్నడంలో మద్దుగుండు, మలయాళంలో వెడిమరున్ను అన్నా ఇదే కాబట్టి ఇది మనమొక్కరమే చేసిన పెంపకం కాదు. మందుపాతర అన్న మాటలో ఇంకా దిగులు కలిగించే సంగతి ఉంది. పాతర అంటే ధాన్యం దాచుకునే గొయ్యి. గింజలు పెట్టాల్సిన చోట మందు పెట్టారు. మొగుణ్ణి లొంగదీసుకోవడానికి అన్నంలో ఏదో కలిపితే దాన్నీ "మందు పెట్టింది" అనే అన్నారు. ఇన్ని చోట్ల తిరిగినా ఈ మాట నడిమి అర్థం చెదరలేదు. చిన్న పరిమాణంలో ఉండి పెద్ద మార్పు తెచ్చే పదార్థం ఏదైనా సరే, అది మందు. ఆ మార్పు మేలా కీడా అన్నది మాట చెప్పదు. గ్రీకుల ఫార్మకాన్‌కి కూడా ఔషధమనీ విషమనీ రెండర్థాలు ఉండేవి. హైదరాబాదులో రోజూ వినే "ఫార్మా" ఆ మాట కొసే.

పరిమాణం చిన్నదన్న సంగతి మన నుడికారంలోనే ఉంది. ఏదైనా బొత్తిగా దొరక్కపోతే "మందుకైనా లేదు" అంటాం. మందుకి కావలసింది చిటికెడే, ఆ చిటికెడు కూడా లేదని. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాత్ర అన్న మాటకి అసలర్థం కొలత. ఛందస్సులో లెక్కపెట్టే మాత్ర, గ్లాసుడు నీళ్ళతో మింగే మాత్ర ఒకటే మాట. మింగేది పదార్థమే అయినా దాన్ని కొలత పేరుతో పిలుస్తున్నాం. ఔషధం అన్న మాట మరో దారిన వచ్చింది. అది ఓషధి నుంచి పుట్టింది. పండి ఎండిపోయే మొక్కలకి ఓషధులని పేరు.

మొక్క అనగానే ఈ వ్యాసానికి పెట్టిన పేరు దగ్గరికి రావాలి. "మందూ మాకూ లేక మంచాన పడి ఉన్నాడు" అంటాం. ఈ కాలపు పిల్లలు ఇందులోని మాకూ విని, "మనకు" లాంటి మాట అనుకుంటారు. కాదు. ఇది మ్రాకు. మ్రాను అన్నా మాను అన్నా అదే, చెట్టు. తమిళంలో మరం. మ్రాకులో రకారం జారి మాకు అయింది. మాను ఇంకా పల్లెటూళ్ళ నోళ్ళలో బతికే ఉంది. మాకు మాత్రం చాలామందికి ఈ ఒక్క జంటపదంలోనే మిగిలింది. మందు చెట్టు నుంచి వస్తుందని తెలిసిన రోజుల గుర్తు అది.

ఆ జంట విడిపోయాక ఏమైంది? బిళ్ళగన్నేరు మన పెరళ్ళలో ఎవరూ నాటకుండానే మొలిచే మొక్క. దాని ఆకు చక్కెర జబ్బుకి పనికొస్తుందని చాలా దేశాల్లో నమ్మేవారు. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అదే పరీక్షించబోయారు. రక్తంలో చక్కెర తగ్గలేదు గాని ఎలుకల్లో తెల్లకణాలు పడిపోయాయి. తెల్లకణాలు విపరీతంగా పెరిగే జబ్బుకి ఇది అక్కరకొస్తుందని వాళ్ళకి తట్టింది. 1958లో విన్‌బ్లాస్టిన్ బయటికొచ్చింది, తర్వాత అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్. రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకి ఈ రోజుకీ విన్‌క్రిస్టిన్ ఇస్తున్నారు. పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులోని టాక్సాల్ నిర్మాణాన్ని మన్రో వాల్, మన్సుఖ్ వానీ 1971లో ప్రకటించారు. బెరడు వలిస్తే చెట్టు చస్తుంది. మందుకోసం మాకు చావాల్సి వచ్చింది. చివరికి దాని దాయాది చెట్ల ఆకుల నుంచి సగం పని అయిన అణువును తీసుకుని, మిగతా సగం ప్రయోగశాలలో పూర్తిచేసే పద్ధతి వచ్చాక ఆ చెట్లు ఊపిరి పీల్చుకున్నాయి. అందుకే "ఇది చెట్టు నుంచి వచ్చింది కాబట్టి మంచిది, ఇది రసాయనం కాబట్టి చెడ్డది" అంటే నేను ఒప్పుకోను. ఆ మాటకొస్తే రసాయనం అన్నది ఆయుర్వేదపు ఎనిమిది అంగాల్లో ఒకదాని పేరు. ముదిమిని దూరంగా ఉంచే చికిత్సని రసాయనం అన్నారు. ఇప్పుడు పొట్లాల మీద "రసాయనాలు లేనిది" అని అచ్చువేస్తున్నారు. ఆ పొట్లంలో ఉన్నదీ రసాయనమే.

సరే, మాకు లేని మందు ఎలా పుడుతుందో దగ్గర్నుంచి చూద్దాం. మేము చేసినవి చాల్కోన్లు. ఒక ఆల్డిహైడ్, ఒక కీటోన్ ఆల్కహాలులో కరిగించి, సోడియం హైడ్రాక్సైడ్ చుక్క చుక్కగా వేస్తూ కలుపుతుంటే కాసేపటికి ఫ్లాస్కులో పసుపు ముద్ద కడుతుంది. వడకట్టి, కడిగి, మళ్ళీ వేడి ఆల్కహాలులో కరిగించి చల్లారనిస్తే సూదుల్లాంటి స్ఫటికాలు. బెంజీన్ వలయం మీద ఒక చోట మిథాక్సీ, ఇంకో చోట క్లోరో, మరో చోట హైడ్రాక్సీ, ఇలా మార్చుకుంటూ పోతే ఒకే కుటుంబంలో పది పన్నెండు సమ్మేళనాలు వస్తాయి. వాటికి పేర్లుండవు, 3ఏ, 3బి, 3సి అని నంబర్లే.

మొదటి పరీక్ష డీపీపీహెచ్. జతలేని ఎలక్ట్రాను ఉండి కూడా నిలకడగా ఉండే అరుదైన అణువు అది. మిథనాల్‌లో కరిగిస్తే చిక్కటి ఊదారంగు. మార్స్‌డెన్ బ్లోయిస్ 1958లో దీన్ని యాంటీఆక్సిడెంట్లకి కొలబద్దగా పెట్టాడు. మన సమ్మేళనం దానికి ఒక హైడ్రోజన్ ఇవ్వగలిగితే ఊదా వెలిసి లేత పసుపవుతుంది. అరగంట చీకట్లో ఉంచి 517 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తారు. పక్కన పోలికకి విటమిన్ సి పెడతారు. అది పోసీ పోయగానే ఊదాని తినేస్తుంది. మావాటిలో హైడ్రాక్సీ ఉన్నవి కొంచెం కదిలాయి, మిగతావి ఊదాగానే కూచున్నాయి.

రెండోది ఎంటీటీ. టిమ్ మోస్‌మన్ 1983లో ప్రకటించిన పద్ధతి. తొంభై ఆరు గుంటల పళ్ళెంలో క్యాన్సర్ కణాలు పెంచి, గుంటకింత చొప్పున సమ్మేళనం వేసి, రెండ్రోజులాగి, ఎంటీటీ అనే పసుపు ద్రావణం పోస్తారు. బతికున్న కణం ఆ పసుపుని ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నటి ఊదా సూదులు కణాల మీద మొలిచినట్టు కనిపిస్తాయి. వాటిని కరిగించి 570 దగ్గర కొలుస్తారు. ఊదా ఎంత ఉంటే అంత బతుకు. పసుపుగా ఉండిపోయిన గుంటలో చావు. మొదటి పరీక్షలో ఊదా పోతే సంతోషించాం, రెండోదాంట్లో ఊదా రాకపోతే సంతోషించాం. ఒకటి రక్షించే గుణాన్ని వెతుకుతోంది, రెండోది చంపే గుణాన్ని. ఈ రెండు పరీక్షలనీ ఒకే వ్యాసం శీర్షికలో అక్కాచెల్లెళ్ళలా జతకట్టి రాస్తారు. మందు అన్న ఒక్క మాటలో చూరు బుట్టా దేవుడి గూడూ కలిసి ఉన్నట్టే, ఇక్కడ రెండు ఎదురెదురు పనులు ఒక్క సీసాలో ఉండాలని కోరుకుంటున్నాం.

ఇందులో ఒక మెలిక ఉంది. గట్టి యాంటీఆక్సిడెంట్ ఎంటీటీని కణాల సాయం లేకుండా తనే ఊదాగా మార్చేయగలదు. అంటే గుంటలో కణాలన్నీ చచ్చినా రంగు మాత్రం బతికినట్టు చెబుతుంది. అందుకే కణాలు లేని గుంటలో కూడా సమ్మేళనం వేసి చూడాలి. చాలామంది చూడరు. మేమూ మొదటిసారి చూడలేదు. రెండోసారి చూసినప్పుడు మా లెక్కల్లో రెండు సమ్మేళనాల జాతకం మారిపోయింది.

ఆ గుంటల్లో పెరిగే కణాలకీ ఒక కథ ఉంది. మనిషి కణాల్లో అన్నిటికన్నా పాతవి హీలా. హెన్రియెట్టా లాక్స్ అన్న నల్లజాతి స్త్రీ పేరులోని మొదటి అక్షరాలు కలిపి పెట్టిన మాట అది. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఆమె గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్ నుంచి, ఆమెని అడక్కుండా తీసిన కణాలు. ఆమె ఆ ఏడాదే చనిపోయింది. కణాలు ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి. మా ప్రయోగశాలలో "ఇవాళ హీలాకి పోషకద్రవం మార్చాలి" అని రోజూ అనుకునేవాళ్ళం, అదొక మనిషి పేరని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మన మాటల్లోంచి చెట్టు జారిపోయినట్టు ఆ మాటలోంచి మనిషి జారిపోయింది.

ఎంటీటీ చివర వచ్చే అంకెని ఐసీ 50 అంటారు. కణాల్లో సగాన్ని ఆపడానికి కావలసిన గాఢత. అంకె ఎంత చిన్నదైతే సమ్మేళనం అంత చురుకైనదని లెక్క. చాలా వ్యాసాలు ఇక్కడే ఆగిపోతాయి. నాన్న అడిగిన ప్రశ్న ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణాల మీద అదే సమ్మేళనం అంకె ఎంత? రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటే అది పురుగునీ మొక్కనీ కలిపి మాడ్చే పదార్థం. మధ్య ఎడం ఉంటేనే తర్వాతి మెట్టు. ఆ తర్వాత ఎలుకలు, ఆ తర్వాత మనుషుల మీద దశలవారీ పరీక్షలు. గాజుపళ్ళెంలో గెలిచినవాటిలో అక్కడిదాకా నడిచేవి బహు తక్కువ.

క్యాన్సర్‌కి కీమోథెరపీ మొదలైందే మందుగుండు వైపు నుంచి. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీద వదిలిన మస్టర్డ్ వాయువు బాధితుల తెల్లకణాలను తుడిచిపెట్టిందని తేలింది. దాని సోదర పదార్థం నైట్రోజన్ మస్టర్డ్‌ని 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో లూయిస్ గుడ్‌మన్, ఆల్ఫ్రెడ్ గిల్మన్ లసికా గ్రంథుల క్యాన్సర్ రోగికి ఇప్పించారు. యుద్ధరహస్యం కాబట్టి 1946 దాకా అచ్చులోకి రాలేదు. కణితి కరిగింది, మళ్ళీ వచ్చింది. మందుగుండూ మందూ ఒకే మాటని మన భాష ఎప్పుడో అనుకుంది.

అన్నిటికన్నా నా మనసుకి దగ్గరైన ఉదాహరణ భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. ఇది విటమిన్, రక్తం పట్టడానికి కావలసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్లపు రూపాలను రక్తక్యాన్సర్ పిల్లలకిచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా ముదిరింది. విటమిన్ క్యాన్సర్‌కి తిండి పెడుతోందని అర్థమై, దానికి అడ్డుపడే పదార్థం కావాలన్నాడు. లెడర్లే నుంచి వెళ్ళింది అమినోప్టెరిన్. ఫోలిక్ ఆమ్లంలో ఒకచోట ఉన్న హైడ్రాక్సిల్‌ని తీసి అమినో పెడితే అది. మార్పు అంతే. కణం దాన్ని విటమినే అనుకుని లోపలికి రానిస్తుంది, అది వెళ్ళి ఎంజైమును గట్టిగా పట్టుకుని వదలదు, కణం విడివడలేదు. 1948లో ఫార్బర్ ప్రకటించిన వివరం ప్రకారం పదహారు మంది పిల్లల్లో పది మందికి గుణం కనిపించింది, కొంతకాలమే అయినా. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ప్రాణం నిలిపే విటమిన్ అక్కడ కీడు చేసింది, దాన్ని పోలిన విషం మందైంది. ఆ అమినోప్టెరిన్‌నే ఎలుకలను చంపడానికీ ప్రతిపాదించారు. ఎలుకలమందూ పిల్లలమందూ ఒకటే అణువు.

యాంటీఆక్సిడెంట్ల మీద మన పత్రికలకున్న గురి చూసినప్పుడు నాకు ఫిన్లాండు గుర్తొస్తుంది. అక్కడ 29,133 మంది పొగతాగే మగవాళ్ళతో చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశపడ్డారు. 18 శాతం పెరిగింది. కూరగాయల్లో ఉండే పదార్థమే, బిళ్ళగా మారి రోజుకి 20 మిల్లీగ్రాముల చొప్పున పొగతాగేవాళ్ళలోకి వెళ్ళేసరికి వేరే పని చేసింది. డీపీపీహెచ్ ఊదా వెలిసినంత మాత్రాన మనిషి ఒంట్లో ఏదో మేలు జరిగిపోతుందని రాయడం తప్పు. నేను ఈ మాట కోపంతోనే అంటున్నాను. "క్యాన్సర్‌కు మందు కనుగొన్న విద్యార్థులు" అన్న వార్త చదివి, కత్తిరించి జేబులో పెట్టుకుని, ఆ విశ్వవిద్యాలయం గేటు దగ్గరికి వచ్చిన మనిషిని నేను చూశాను. ఆయన భార్యకి జబ్బు. ఆ వార్తలో ఉన్నది గాజుపళ్ళెంలోని ఒక అంకె. ఆ అంకెని సమ్మేళనం అనండి, కాంపౌండ్ అనండి. మందు అన్న మాటని మనుషులు వాడి, మోతాదు తేలి, మొక్క బతికి పురుగు చచ్చేదాకా దాచి ఉంచండి. పత్రికలవాళ్ళకి నా విన్నపం ఇది.

నాయనమ్మ పసుపు బిళ్ళల సంగతి మిగిలింది. అమినోప్టెరిన్‌కి ఒక మిథైల్ చేరిస్తే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కి ఇప్పటికీ పెద్ద మోతాదుల్లో వాడతారు. చాలా చిన్న మోతాదులో కీళ్ళవాతానికి ఇస్తారు, అదీ వారానికి ఒక్కసారే. అమ్మ దాన్ని "ఆదివారం మందు" అనేది. ఆ డబ్బాలోనే ఇంకో అట్ట ఉండేది, మరో రోజు వేసుకోవడానికి, ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావు బృందం చేసిన విటమినూ, దాని వేషం వేసుకున్న విషమూ మా దేవుడి గూడు పక్కన ఒకే డబ్బాలో ఉండేవని నాకు నాయనమ్మ పోయాక గాని తెలియలేదు. అమ్మకి ఆ అణువుల గొడవ తెలియదు. ఆదివారం తప్ప ఆ అట్ట ముట్టుకోకూడదని డాక్టరు చెప్పింది మాత్రం గుర్తుపెట్టుకుంది.

మీ ఇంట్లో ఎవరికైనా కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ రాసి ఉంటే, డాక్టరు చెప్పిన రోజు పేరు ఆ అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. పొరపాటున దాన్ని రోజూ వేసుకున్నవాళ్ళు చనిపోయిన సందర్భాలున్నాయి.